లాకౌట్ చలికాలం

నాకు ఊహ తెలిశాక మా కోర్నీ అన్నయ్య నవంబరు నెలలో ఇంట్లో ఉండడం అదే మొదటిసారి. మామూలుగా ఆ నెలలో ఏదో ఒక మహానగరంలో, పెద్ద దీపాల కింద, మంచు మీద ఎవరినో కొడుతూ ఉండేవాడు. అమ్మా నేనూ టీవీలో చూసేవాళ్ళం. నాన్న సరిగ్గా ఆ సమయానికి పశువుల కొట్టంలో పని కల్పించుకునేవాడు. ఆ ఏడాది మంచు హాకీ లీగ్ యజమానులు ఆటలు మొదలవకముందే రింకులకు, అంటే ఆడే మంచు మైదానాలకు, తాళాలు వేశారు. జీతాలకు ఒక పరిమితి ఒప్పుకుంటేనే తీస్తామన్నారు. ఆటగాళ్ళ యూనియన్ ఒప్పుకోలేదు. అందుకని అన్నయ్య విన్నిపెగ్ దగ్గర మా పల్లెలో, మా పెరట్లో కత్తి నూరుతున్నాడు. అది మేము పందిని కోసే రోజు.

నాన్న చిన్న తుపాకీతో పంది నుదుటి మీద కాల్చాడు. గుండు కాస్త పక్కకు పోయినట్టుంది, పంది పడలేదు. ఒకటే అరుస్తూ కంచె వైపు పరిగెత్తింది. అన్నయ్య దాని మీదికి దూకి, చెవి పట్టుకుని మెడ వెనక్కి విరిచి, కత్తిని గొంతులోకి పిడి దాకా దించాడు. అది తన్నుకున్నంతసేపూ ఛాతీతో నేలకేసి అదిమి ఉంచాడు. వాడి గడ్డం మీద నుంచి రక్తం కారుతోంది.

"గిన్నె పట్టరా, గిన్నె!" అని అరిచాడు.

గిన్నె పట్టాల్సిన లిండన్ బావ ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు. సగం రక్తం మంచు పాలయింది.

లిండన్ బావ మా మార్లిస్ అక్క భర్త. మా ఇంటికి మూడిళ్ళ అవతలే పుట్టాడు. అతనూ పెద్ద లీగ్ ఆటగాడే, జట్టు మాత్రం వేరు. అతనూ అన్నయ్యా మా ఊరి రింక్‌లో ఒకే బెంచీ మీద కూర్చుని స్కేట్లకు తాళ్ళు కట్టుకోవడం నేర్చుకున్నారు. బావ పని అడ్డుపడడం, దూసుకొచ్చే రబ్బరు బిళ్ళకు, అంటే పక్‌కు కాళ్ళూ ఒళ్ళూ అడ్డం పెట్టడం. అన్నయ్య పని కొట్టడం. తన జట్టులో గోల్స్ వేసేవాళ్ళ మీద ఎవరైనా చెయ్యి వేస్తే, వెళ్ళి వాణ్ణి పిలిచి కొట్టడం.

"ఏరా, మంచు మీద వాళ్ళ పళ్ళు రాలితే నవ్వుతావు. పంది రక్తానికి కళ్ళు తిప్పుకుంటావా?" అన్నాడు అన్నయ్య, ముంజేత్తో ముఖం తుడుచుకుంటూ.

"పళ్ళు రాలినవాడు నన్ను తిరిగి కొట్టగలడు. ఇదేం చేస్తుంది పాపం?" అన్నాడు బావ.

అప్పటికే చుట్టుపక్కలవాళ్ళు కిసుక్కుమంటున్నారు. తోక కోసీ కోయగానే మా అక్క దాన్ని బావ కోటు వెనక పిన్నుతో గుచ్చేసింది. పందిని కోసే రోజున ఎవరో ఒకరికి ఆ ఆటపట్టింపు తప్పదు. భోజనాల దాకా బావ ఆ తోకతోనే తిరిగాడు.

కొవ్వు కాగుతున్న బాన దగ్గర మా చర్చి సంఘం పెద్ద, ఏబ్రామ్ టైష్‌రోబ్ గారు, అన్నయ్యను పట్టుకున్నారు.

"కొట్టుకోవడం ఆటలో భాగం అన్నావు, సరే అని ఊరుకున్నాం. ఈ యూనియన్ ఏమిటి కోర్నీ? మనలో ఎవరైనా చేరారా? నలుగురు కలిసి ఒకడి మెడ మీద కూర్చోవడం మన పద్ధతేనా?"

"తాళం వేసింది వాళ్ళు పెద్దయ్యా. మెడ మాది."

"జీతానికి హద్దుంటే నీకొచ్చిన నష్టమేమిటి? నా గోధుమల ధర నేను పెట్టుకుంటున్నానా?"

అన్నయ్య ఒక పళ్ళెం తీసుకున్నాడు. "ఇది ఒక జట్టు జీతాలన్నీ కలిపి. ఇంతకంటే పెద్ద పళ్ళెం ఎవరూ వాడకూడదు, అదీ వాళ్ళ క్యాప్. ఇప్పుడు యజమాని ముందు ఏం పెట్టుకుంటాడు?" రెండు పెద్ద మాంసం ముక్కలు పెట్టాడు. "గోల్స్ వేసేవాళ్ళు. వీళ్ళు లేకపోతే టిక్కెట్లు తెగవు." పక్కన పక్కటెముకలు సర్దాడు. "గోల్ కాసేవాడు, మంచి పరుగున్నవాళ్ళు. ఈ సందులో లిండన్ లాంటివాడు, చవకగా దొరుకుతాడు."

"చాలా సంతోషం రా," అన్నాడు బావ.

"ఇక నేను." బానలోంచి వేగిన కొవ్వు తునక ఒకటి తీసి అంచు మీద పెట్టాడు. అది జారి నేల మీద పడింది. మా కుక్క తినేసింది.

అందరూ నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు. వాడికి ముప్పై ఒకటి. ఆ ఆట తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. క్యాప్ వచ్చిన రోజే వాడి పని అయిపోతుందని ఆ నవ్వులో అందరికీ తెలిసింది.

"మరి పళ్ళెమే లేకపోతే?" అన్నాడు బావ. నవ్వడం లేదు. "నా మోకాలు రెండుసార్లు కోశారు. ఇంకొక్క ఏడాది ఆడగలను. అది ఈ ఏడాదేరా. ఇది పోతే నాకు మళ్ళీ లేదు."

"పోదు. ఒప్పుకోం అని అందరం చేతులు కలిపాం. నువ్వూ కలిపావు."

అన్నయ్య తన జట్టు తరఫున యూనియన్‌లో ప్రతినిధి. సెప్టెంబరులో టొరంటో హోటల్లో ముప్పైమంది ప్రతినిధులతో చేతులు కలిపి 'కాదు' అని వచ్చాడు. బావ కూడా తన జట్టువాళ్ళతో అలాగే చేతులు కలిపాడు. మాలో ప్రమాణాలు చెయ్యరు. కోర్టులో కూడా పుస్తకం మీద చెయ్యి పెట్టరు. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకుమించి మాట అక్కర్లేదని మాకు చిన్నప్పుడే నేర్పుతారు. ఆ గదిలో ఉన్న మిగతావాళ్ళకు అలా నేర్పి ఉండరు. వాళ్ళ 'కాదు' బేరంలో మొదటి మాట. అన్నయ్యకు అది ఆలోచనకే రాలేదు.

జనవరిలో బావ విన్నిపెగ్ రేడియోలో మాట్లాడాడు. అక్క వంటింట్లో రొట్టెపిండి పిసుకుతూ విందట, నేను మా ఇంట్లో విన్నాను. "క్యాప్ ఒప్పుకుని ఆడదాం. నాలాగా అనుకునేవాళ్ళు సగం మంది ఉన్నారు, నోరు విప్పడం లేదు" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం మా ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. ప్రతిసారీ అన్నయ్యే తీశాడు. అవతలివాళ్ళ మాటలు నాకూ వినిపించాయి. ఇంట్లోవాడి నోరే మూయించలేనివాడివి నువ్వేం ప్రతినిధివి అన్నాడొకడు. నీ బావ యజమానుల దగ్గర ఎంత తిన్నాడని అడిగాడు ఇంకొకడు. అన్నయ్య "ఊఁ" "ఊఁ" అని పెట్టేశాడు. తర్వాత కొట్టంలోకి వెళ్ళాడు. కాసేపటికి ఆవులు బెదిరి అరవడం మొదలుపెట్టాయి. నేను లాంతరు తీసుకుని వెళ్ళేసరికి తలుపు చెక్క రెండుగా చీలి ఉంది. వాడు గడ్డి మీద కూర్చుని పిడికిలిలో దిగిన చెక్కపేళ్ళు పళ్ళతో లాగుతున్నాడు.

"అమ్మకు చెప్పకు నేటా," అన్నాడు నన్ను చూసి.

ఆ ఆదివారం మధ్యాహ్నం అక్కా బావా ఎప్పటిలాగే కాఫీకి వచ్చారు. బన్నులు, జామ్, చల్లటి సాసేజ్.

"అన్నదేదో నాతో అనొచ్చుగా. రేడియోకెందుకు?" అన్నాడు అన్నయ్య.

"నీతో నవంబరు నుంచి అంటున్నా. వినబడిందా?"

"చేతులు కలిపావురా నువ్వు."

"కలిపాను. తప్పనిపించింది, మార్చుకున్నాను. నీకోసం నా మోకాలు ఆగదు కదా."

"అంటే నేను పోయినా ఫర్వాలేదు."

"నువ్వు ఎలాగూ పోతావురా! ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది. నీ చేతులు చూసుకున్నావా?"

అన్నయ్య చేతులు బల్ల మీదే ఉన్నాయి. కణుపులు ఎక్కడివక్కడ లేవు. చూపుడువేలు నిటారుగా రాదు. వాడు వాటిని మెల్లగా బల్ల కిందికి తీసుకున్నాడు. అమ్మ "ఇంకో బన్ను తీసుకో లిండన్" అంది. నాన్న కళ్ళు మూసుకుని భోజనానంతర ప్రార్థన మొదలుపెట్టాడు, అప్పటికి ఎవరూ తినడం పూర్తి చెయ్యకపోయినా.

ఫిబ్రవరిలో మా ఊరి రింక్ కప్పు బాగుచేయడానికి ఒక సరదా ఆట పెట్టారు. ఖాళీగా ఉన్న పెద్ద ఆటగాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళనుంచి వచ్చి ఊరివాళ్ళతో కలిసి ఆడతారు. గుద్దుకోవడాలు లేవు, కొట్టుకోవడాలు లేవు, అదీ ఒప్పందం. చాలామంది ముఖానికి అడ్డం కూడా పెట్టుకోలేదు. శనివారం మధ్యాహ్నం. పాల డబ్బాలు బోర్లించుకుని కూడా కూర్చున్నారు జనం. నేను ఎప్పటిలాగే శిక్ష గది తలుపు దగ్గర ఉన్నాను. తప్పు చేసినవాళ్ళు వచ్చి కూర్చునే గది అది. తలుపు తీసి వెయ్యడం నా పని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు కాబట్టి ఆ పని నాకు ఇష్టం.

రెండో భాగంలో, పై బెంచీల నుంచి ఒకతను అరిచాడు: "కోర్నీ! నీ బావ ఎటు కాలు పెడితే యూనియన్ అటే నడుస్తోందట గదరా!"

జనం గొల్లున నవ్వారు. మంచి జోకు అనుకున్నారు.

అన్నయ్య బావ పక్కకు జారుకుంటూ వచ్చాడు. వాళ్ళు సరిగ్గా నా ముందే ఆగారు. మధ్యలో గాజుపలక ఒక్కటే.

"వస్తావా?" అన్నాడు అన్నయ్య.

అది వాళ్ళ పద్ధతి. కొట్టదలుచుకున్నవాడు అడగాలి. అవతలివాడు తలూపాలి. ఇద్దరూ ఒక్కసారే గ్లౌజులు వదలాలి. తలూపనివాణ్ణి కొట్టకూడదు. పన్నెండేళ్ళలో అన్నయ్య ఒక్కసారి కూడా ఆ పద్ధతి తప్పలేదు.

"రాను," అన్నాడు బావ. "పిచ్చా నీకు? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం పద."

అన్నయ్య గ్లౌజులు మంచు మీద పడ్డాయి.

ఎడమచేత్తో బావ చొక్కా మెడ దగ్గర పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. మొదటి దెబ్బకు బావ శిరస్త్రాణం ఎగిరిపోయింది. బావ చేతులు ఇంకా గ్లౌజుల్లోనే ఉన్నాయి. కర్ర కూడా వదల్లేదు. రెండో దెబ్బకు బావ కూలబడబోయాడు, కానీ అన్నయ్య పిడికిలి చొక్కాను వదల్లేదు, కింద పడనివ్వలేదు. మూడోది కంటి మీద పడింది. తడిగా ఉన్నదేదో నలిగిన చప్పుడు గాజు ఇవతలికి వినిపించింది. నాలుగోది కూడా అక్కడే.

అక్క పై మెట్ల మీద నుంచి "కోర్నీ!" అని ఒక్కసారే అరిచింది.

రిఫరీ, మరో నలుగురు పడి అన్నయ్యను లాగారు. బావ పక్కకు ఒరిగి, ముఖానికి గ్లౌజు అడ్డం పెట్టుకుని, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాడు. గ్లౌజు కింద నుంచి రక్తం మంచు మీద పాకుతోంది. అందులో రక్తం కానిది కూడా ఏదో ఉంది. దాన్ని ఏమనాలో నాకు తెలీదు.

అన్నయ్య నా వైపు వచ్చాడు. నేను తలుపు తీశాను. వాడు లోపలికొచ్చి కూర్చున్నాడు.

"తలుపు వెయ్యి నేటా."

వేశాను. బావను చెక్క మీద పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ఆట ఆగిపోయింది. జనం లేచి వెళ్ళిపోతున్నారు. ఎవరో పార తెచ్చి ఎర్రబడిన మంచు గీకడం మొదలుపెట్టారు. అన్నయ్య ఎదురుగా ఉన్న గడియారం వైపు చూస్తూ కూర్చునే ఉన్నాడు. కొట్టుకున్నవాళ్ళకు అయిదు నిమిషాల శిక్ష. ఆ గడియారాన్ని ఎవరూ నడపలేదు. వాడు మాత్రం అయిదు నిమిషాలు గడవడానికి ఎదురుచూస్తున్నాడు.

"అన్నయ్యా, అందరూ వెళ్ళిపోయారు," అన్నాను చివరికి.

"తలూపాడు కదా?" అన్నాడు. "నేను అడిగితే తలూపాడు కదా?"

"లేదు."

వాడు చేతుల వైపు చూసుకున్నాడు.

సోమవారం పొద్దున ఆసుపత్రి నుంచి నాన్న ఫోన్ చేశాడు. ఎడమ కన్ను తీసేశారట. అదే రోజు సాయంత్రం రేడియోలో వార్త వచ్చింది. ఆటగాళ్ళ యూనియన్ క్యాప్ ఒప్పుకోవడానికి సిద్ధమేనని చెప్పింది. ఎంత దగ్గర గీత గీయాలన్నదే ఇక మిగిలిన తగువట. అన్నయ్యను ఎవరూ అడగలేదు, ఫోన్ చేసి చెప్పనూ లేదు. అమ్మ రేడియో కట్టెయ్యబోయింది.

"ఉండనీ," అన్నాడు అన్నయ్య.

బుధవారానికి ఆ గీత దగ్గర కూడా బేరం కుదరక, ఆ ఏడాది ఆట మొత్తం రద్దు చేశారు.

బావ ఇంటికొచ్చిన రెండో రోజే ఏబ్రామ్ గారూ ఇంకో ముగ్గురు పెద్దలూ వాళ్ళింటికి బయల్దేరారు. మా సంఘంలో పగ ఉన్నవాళ్ళు చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు. ఒక ఇంటి పగ ఊరందరి బల్లనూ ఆపుతుంది. అందుకని ఆలస్యం చెయ్యరు. నాన్న, అన్నయ్య, నేను వెనక వెళ్ళాం. బావ మంచం మీద దిండ్లకు ఆని ఉన్నాడు. సగం ముఖం కట్టు. మిగిలిన సగం నల్లగా వాచి ఉంది. మందుల మత్తులో నాలుక తడబడుతోంది.

అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని "తప్పు చేశాను. క్షమించు" అన్నాడు.

నలుగురు పెద్దలూ మంచం చుట్టూ నిలబడి బావ వైపు చూశారు.

"క్షమించావా లిండన్?" అని అడిగారు ఏబ్రామ్ గారు.

బావ మిగిలిన కంటితో, మీద నిలబడ్డ నలుగురినీ చూశాడు. తర్వాత "అవును" అన్నాడు. చేతులు కలిపించారు.

"ఇక ఈ మాట ఎవరూ ఎత్తకూడదు," అన్నారు ఏబ్రామ్ గారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి.

అక్క అన్నయ్య వెనకాలే వంటింటి గుమ్మం దాకా వచ్చింది. "ఇలా రా" అంది. వాడు తిరిగాడు. చెంప మీద కొట్టింది. తర్వాత పిడికిళ్ళతో ఛాతీ మీద, మెడ మీద కొట్టింది. చెయ్యి పైకి అందడం లేదు.

"వంగు," అంది.

అన్నయ్య వంగాడు. అక్క పళ్ళు బిగించి, ఏడవకుండా, పెదవి చిట్లేదాకా కొట్టింది. పెద్దలు పక్కగదిలో కీర్తన మొదలుపెట్టారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆపాలని నాకు అనిపించలేదు.

మార్చిలో అన్నయ్య క్యూబెక్‌లో ఒక చిన్న లీగ్‌కు వెళ్ళాడు. అక్కడ జనం కొట్టుకోవడం చూడడానికే వస్తారు. మూడు వారాలకు దవడ తీగలతో బిగించుకుని తిరిగొచ్చాడు. వాడితో ఆడినవాడొకడు అమ్మకు ఫోన్‌లో చెప్పాడు: "గ్లౌజులు వదులుతాడమ్మా, కానీ చేతులు ఎత్తడు. నిలబడి దెబ్బలు తింటాడు." జూన్ దాకా అమ్మ వాడికి సూప్ వడకట్టి గొట్టంతో తాగించింది.

బావను దారిలో చూస్తే అన్నయ్య పొలంలోకి దిగిపోయేవాడు. బావ కూడా అటు చూసేవాడు కాదు. క్షమించేశాడు కాబట్టి తిట్టకూడదు. క్షమాపణ అయిపోయింది కాబట్టి మళ్ళీ అడక్కూడదు. అక్క మా గడప తొక్కలేదు. ఊరు మాత్రం జూన్‌లో, అన్నయ్య దవడ తీగలు తీసేశాక, నిశ్చింతగా బల్ల చుట్టూ చేరింది. అన్నయ్య చేతికి వచ్చిన రొట్టెముక్కను నోట్లో పెట్టుకోకుండా జేబులో వేసుకోవడం నేను చూశాను.

జులై చివర్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. క్యాప్ వచ్చింది. వారం తిరక్కుండానే అన్నయ్య జట్టువాళ్ళు ఫోన్ చేశారు. మేము గడ్డి కట్టలు ఎత్తుతున్నాం. అమ్మ పొలం గట్టు దాకా వచ్చి పిలిచింది. వాడు వెళ్ళి వెంటనే తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?" అన్నాడు నాన్న.

"చోటు లేదన్నారు."

మళ్ళీ కట్టలు ఎత్తడం మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నమే బావ వచ్చాడు. పొలానికి అడ్డంగా, తల కాస్త ఎడమకు తిప్పుకుని నడుస్తూ వచ్చాడు. నాన్న ట్రాక్టర్ ఆపాడు.

"వదిలేశారా నిన్ను?" అన్నాడు బావ.

"వదిలేశారు."

"జనవరిలో నేనడిగిన బేరమే. ఫిబ్రవరిలో యూనియన్ అడిగిన దానికంటే తక్కువకు ఒప్పుకున్నారు."

"అవును."

"ఇప్పుడు నేను ఆడొచ్చు, తెలుసా? మోకాలు నయమైంది. ఏడాది విశ్రాంతి కదా. కన్ను ఒక్కటే తక్కువ." నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను కట్ట తాడు పట్టుకుని నిలబడ్డాను. "ఫిబ్రవరిలో నిన్ను క్షమించానని చెప్పాను."

"చెప్పావు."

"దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

నాన్న ట్రాక్టర్ మీద నుంచి దిగాడు. "లిండన్! ఏం మాట్లాడుతున్నావు? అవునని చెప్పావు. పెద్దల ముందర చెప్పావు. అది ఎలా..."

"నాకు మత్తు కూడా దిగలేదు మామయ్యా. నలుగురు మీద నిలబడి అడిగారు. అవునన్నాను. ఇప్పుడు కాదంటున్నాను. సంఘం ఏం చేసుకుంటుందో చేసుకోనీండి."

అన్నయ్య ముఖం చూసి నాకు భయం వేసింది. ఏడుస్తాడనుకున్నాను. వాడు నోరు తెరిచి, నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా ఊపిరి పీల్చాడు.

"సరే," అన్నాడు. చేతులు పక్కలకు వేలాడదీశాడు. "కొడతావా?"

"కొట్టను. కొడితే చెల్లుకు చెల్లు అనుకుంటావు."

ట్రాక్టర్ ఇంజన్ దడదడలాడుతూనే ఉంది. నాన్న టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆకాశం పడమటి పక్క నల్లబడుతోంది.

"గడ్డి ఇంకా ఎంతుంది?" అన్నాడు బావ.

"ఆ రెండు వరసలు."

"తడిస్తే కుళ్ళిపోతుంది." బావ బండి దగ్గరికి వచ్చి, కట్ట అందుకోవడానికి చేతులు చాపాడు. అన్నయ్య ఒకటి ఎత్తి అతని ఎడమవైపు నుంచి అందించబోయాడు. అది బావ భుజానికి తగిలి, అతను తూలి బండి చక్రాన్ని పట్టుకున్నాడు.

"ఆ పక్క నిలబడకు!" అని అరిచాడు. ఆర్నెల్లుగా వాడి మీద అరవని అరుపంతా అందులో ఉంది. "నాకు కనబడే పక్క నిలబడు."

అన్నయ్య బండి చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చాడు.